డ్రాయింగు మారిందా? లెక్క ఆ రోజే కట్టాలి

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ డిప్లొమా ఆఖరి ఏడాదిలో ఉంది. సైట్లలో డ్రాయింగులు మధ్యలో మారిపోతాయని, తుపానులకు పనులు ఆగిపోతాయని, నష్టమొస్తే ఇంజనీరునే అంటారని విన్నాం. తను నెగ్గుకురాగలదా? ఏం నేర్పించాలి?
– ఒక తండ్రి, టెక్కలి

జవాబు: మార్పు లేని సైటు ఉండదండీ. నోటిమాట మీద పని కానిచ్చేసి, కాగితం తర్వాత చూసుకుందామనుకున్నవాళ్లే బిల్లు దగ్గర ఇరుక్కుంటారు. మీ అమ్మాయికి లెక్కల మీద ఇష్టముంటే బిల్లింగ్, క్వాంటిటీ సర్వే (పనిని కొలిచి, పరిమాణాలు లెక్కగట్టి బిల్లు కట్టే పని) వైపు పంపండి.

పని ఎలా ఉంటుందో చూడండి. పునాది గుంటలు 1.5 మీటర్లు తవ్వమని డ్రాయింగులో ఉంది. తీరా తవ్వితే పాత చెరువు పూడిక, గట్టి నేల 2.1 మీటర్ల దగ్గర తగిలింది. 2 × 2 మీటర్ల గుంటకు అదనపు తవ్వకం 2.4 ఘనపు మీటర్లు, 20 గుంటలకు 48. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. స్తంభాలూ 60 సెంటీమీటర్లు పెరిగాయి కదా! ఒక్కోదానికి ఎనిమిది 16 ఎం.ఎం. రాడ్లుంటే, మీటరుకు 1.58 కిలోల చొప్పున మొత్తం దాదాపు 152 కిలోల ఇనుము, రింగులు వేరే. 30 × 45 సెంటీమీటర్ల స్తంభాలైతే కాంక్రీటు ఇంకో 1.62 ఘనపు మీటర్లు. నీళ్లు తోడిన మోటారు ఖర్చు, తిరిగి పూడ్చిన మట్టి, పట్టిన అదనపు రోజులు ఆపైన. గుంట పూడ్చేశాక కొలవడానికి ఏమీ మిగలదు. అందుకే గుంట అడుగున కాంక్రీటు బెడ్ వేయకముందే టేపు కనబడేలా ఫొటో తీసి, యజమాని తరఫు ఇంజనీరుతో కలిసి కొలిచి, ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) ఇద్దరూ సంతకాలు చేయాలి.

తుపానుకైతే హిండ్రన్స్ రిజిస్టరు, అంటే పనికి వచ్చిన అడ్డంకులు రాసే పుస్తకం. 2018 అక్టోబరులో తిత్లీ మీకు తెలిసిందే. ‘వర్షం పడింది’ అని రాస్తే చెల్లదు. ఏ పని ఏ రోజు ఆగింది, నీళ్లు తోడి మళ్లీ ఎప్పుడు మొదలెట్టారన్నది ఉండాలి. చాలా ఒప్పందాల్లో దీనికి గడువు పెరుగుతుంది గానీ డబ్బు రాదు. అది కోరుతూ ఇచ్చే నోటీసుకూ గడువుంటుంది, ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) వారి 1999 నమూనా ఒప్పందం రెడ్ బుక్‌లో అది 28 రోజులు. అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు: ఆమోదమైన ప్లాను మార్చాలంటే, 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారుల్లో మూడింట రెండొంతుల మంది ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

సాఫ్ట్‌వేర్ కోర్సులకు ఇప్పుడే వేలు పోయకండి. ముందు బీబీఎస్ (ఏ రాడ్డు ఎంత పొడవు, ఎంత బరువన్న పట్టిక) చేత్తో వేయడం రావాలి, ఆ తర్వాత ఎక్సెల్. బిల్లింగ్ అంటే ఏసీ గదిలో కూర్చునే పనని ఎవరైనా చెబితే నమ్మకండి. గుంటలోకి దిగనివాళ్లు మేస్త్రి చెప్పిన కొలతే రాసుకోవాలి.

ఇండస్ట్రియల్ ట్రైనింగుకు అందరూ భోగాపురం ఎయిర్‌పోర్టు, మూలపేట పోర్టు అంటారు. పేరు బాగానే ఉంటుంది, కానీ అంత పెద్ద పనిలో ఒక మూలే కనబడుతుంది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పునాది దశలో ఉన్న అయిదంతస్తుల అపార్ట్‌మెంటు చూసుకోండి. చేరే ముందే, ఎం-బుక్కు, రివైజ్డ్ డ్రాయింగులు చూడనిస్తారా అని అడగమనండి. కుదరదంటే వేరే సైటు వెతకండి.