నీటిరంగుల పల్లె దృశ్యాలను దగ్గరగా చూడడంలో విశేషం ఏమిటి?

నీటిరంగుల పల్లె చిత్రాలను ఫోన్‌లో చూస్తే సరిపోదా, ప్రదర్శనకు వెళ్ళి చూడవలసినంత విశేషం ఏముంటుందని మీరు అడిగారు. విశాఖపట్నంలో ఉంటూ, ఉత్తరాంధ్ర పల్లెలనే ఏళ్ళ తరబడి చిత్రిస్తున్న ఒక స్థానిక చిత్రకారుని పనిని జానెడు దూరం నుంచి చూసినవాడిగా చెబుతున్నాను: తప్పక వెళ్ళండి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది అరకు వలిసె పొలాల చిత్రం. పసుపు పూల వెనుక ఉన్న కొండలను ఆయన తడి కాగితం మీద నీలం తాకించి వదిలేశారు. రంగు తనంతట తానే పాకి, కొండల అంచులు మంచులో కరిగిపోయాయి. వంగి చూస్తే అల్ట్రామెరైన్ నీలపు రేణువులు గరుకు కాగితపు గుంటల్లో పేరుకొని, కొండకు రాతి స్వభావాన్ని తెచ్చిపెట్టాయి. ఫోన్ తెర మీద అదంతా చదునైన నీలంగానే కనిపిస్తుంది.

మీరు ముందుగా తెలుపును వెతకండి. నూనెరంగుల్లో తెలుపును చివరన పైన పూయవచ్చు గానీ, పారదర్శకమైన నీటిరంగుల్లో తెలుపంటే చాలావరకు రంగు తగలకుండా కాపాడుకున్న కాగితమే. దమ్ము చేసిన మడిలోని నీటి మెరుపు, రైతు తలపాగా, తాటాకు ఇంటి ముందరి ఎండ ఎక్కడ రావాలో కుంచె ముంచకముందే ఆయన నిర్ణయించుకొని ఉండాలి. ఆ ముందుచూపే నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది.

ఆరిన పూత అంచున సన్నని ముదురు గీత కనిపిస్తుంది. అంచుల దగ్గర నీరు త్వరగా ఆవిరవుతూ రంగు రేణువులను అక్కడికి లాగడం వల్ల అది ఏర్పడుతుంది. దానిని బట్టి ఏ పూత ముందు, ఏది తరువాత అన్నది పోల్చుకోవచ్చు. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పూతలు నెమ్మదిగా ఆరుతాయి. ఓపిక పట్టకుండా రెండో రంగు వేస్తే రెండూ కలిసి మురికిగా మారతాయి. ఆయన గట్ల నీడల్లో ఆ మురికి ఎక్కడా లేదు. నా దృష్టిలో ఆయన ఇళ్ళకన్నా ఆ నీడలే మేలైనవి.

చిత్రపటం అద్దంలో దీపాల ప్రతిబింబం అడ్డొస్తే కాస్త పక్కకు జరిగి చూడండి. వీలైతే రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) పేరిట ఉన్న చిత్రశాలకు కూడా వెళ్ళండి. మన ప్రాంతపు చిత్రకళను అసలు కాగితం మీదనే చూసే అవకాశం అక్కడ ఉంది.