పట్టాల పక్కన: లైమ్ స్ట్రీట్‌కి టికెట్ ఎప్పుడు కొనాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పిల్లల్ని ఇంగ్లాండ్ చదువులకి పంపుతున్న అమ్మానాన్నలవే. అందులోనూ లివర్‌పూల్ పేరే ఎక్కువ కనపడింది. మా అమ్మాయి వాళ్లు ఆ ఊళ్లో ఉన్నప్పుడు వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చాను. సికింద్రాబాద్ డివిజన్‌లో గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి కదా, అందరూ బీటిల్స్ మ్యూజియం చూస్తుంటే నేను లైమ్ స్ట్రీట్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచి సిగ్నళ్లు చూస్తూ నిలబడ్డాను. అందుకని ఈసారి మొత్తం ఆ స్టేషన్ కబుర్లే.

*మా అమ్మాయి ఎమ్మెస్సీకి లివర్‌పూల్ వెళ్తోంది. శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగా మాంచెస్టర్‌కి ఫ్లైట్. అక్కణ్నుంచి రైలు. ముందే కొంటే టికెట్ చవకని తన ఫ్రెండ్స్ అంటున్నారు. కొనేయమంటారా? రిజర్వేషన్ దొరక్కపోతే ఆ రెండు సూట్‌కేసులతో ఎక్కడ పడిగాపులు కాస్తుందోనని ఒకటే టెన్షన్.*
*– ఓ తల్లి, కూకట్‌పల్లి*

చవక టికెట్ కొనకండమ్మా. అక్కడ 'అడ్వాన్స్' అని ఒక రకం టికెట్ ఉంటుంది. ఏ రైలుకి కొంటే ఆ రైలుకే చెల్లుతుంది. ఫ్లైట్ గంట లేటైనా, ఇమిగ్రేషన్ క్యూ పొడుగ్గా ఉన్నా, బెల్టు మీద సూట్‌కేసు ఆఖర్న వచ్చినా ఆ టికెట్ దండగే. 'ఎనీటైం' అనే టికెట్ తీసుకుంటే ఆ రోజు ఏ రైలైనా ఎక్కొచ్చు. 'ఆఫ్ పీక్' అయితే ధర కాస్త తక్కువ, కానీ ఆఫీసుల రద్దీ వేళల్లో చెల్లదు. దిగి, సామాను చేతికొచ్చాక ఫోన్‌లోనో స్టేషన్ మెషిన్‌లోనో కొనుక్కోమనండి. మిగిలేది కొద్ది పౌండ్లే, దానికోసం అంత ప్రయాణం చేసొచ్చిన పిల్ల పరుగులు పెట్టడం నాకైతే నచ్చదు.

రిజర్వేషన్ గురించి బెంగ అక్కర్లేదు. వెయిటింగ్ లిస్టు, ఆర్ఏసీ, చార్టు తయారవడం లాంటివి ఆ రైళ్లలో ఉండవు. టికెట్ ఉంటే ఎక్కడమే. సీటుంటే కూర్చుంటారు, లేకపోతే నిలబడతారు. మాంచెస్టర్ ఎయిర్‌పోర్టుకి ఆనుకునే రైల్వే స్టేషన్ ఉంది, టెర్మినల్స్ నుంచి నడిచి వెళ్లొచ్చు. లైమ్ స్ట్రీట్‌కి నేరుగా వెళ్లే రైళ్లున్నాయి, ప్రయాణం గంటా గంటంబావు. నేరు రైలు రావడానికి ఇంకా టైముంటే మాంచెస్టర్ పికడిల్లీ దాకా వెళ్లి మారొచ్చు గానీ, సామానుతో ఆ అవస్థ ఎందుకు? కాసేపు ఆగడమే మేలు.

రైల్వే కూలీలుంటారని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఎర్రచొక్కా అక్కడ కనపడదు. రెండు పెట్టెలూ ఆ అమ్మాయి ఒక్కతే ఎత్తగలిగేలా సర్దండి. పచ్చళ్ల బరువు ఎంత తగ్గిస్తారో మీ ఇష్టం. మన రైళ్లలోలా బెర్తు కింద గొలుసేసి కట్టడానికి ఉండదు, బోగీ తలుపుల దగ్గర సామాన్ల అరలుంటాయి, వాటికి దగ్గర్లో కూర్చోమనండి. దిగేటప్పుడు కంగారు లేదు. మన నాంపల్లి లాగా లైమ్ స్ట్రీట్‌లోనూ పట్టాలు అక్కడితో ఆఖరు. అందరూ దిగాక నిదానంగా దిగొచ్చు. టికెట్ మాత్రం పారేయొద్దు, బయటికి వెళ్లే గేట్ల దగ్గర అడుగుతారు.

ఇంకొక్క మాట. ఫోన్‌లో టికెట్ వెతికేటప్పుడు 'లివర్‌పూల్ స్ట్రీట్' అని కనపడితే నొక్కొద్దని గట్టిగా చెప్పండి. అది లండన్‌లో ఉన్న స్టేషన్. మీకు కావలసింది 'లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్'. చదువుకునే పిల్ల కాబట్టి 16-25 రైల్‌కార్డ్ తీసుకుంటే చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. వయసు 26 దాటినా ఫుల్‌టైం విద్యార్థి అయితే ఆ కార్డే ఇస్తారు.

*లైమ్ స్ట్రీట్‌లోకి ఒకప్పుడు రైళ్లు ఇంజిన్ లేకుండానే వచ్చేవని మా తాతగారు చెప్పేవారు. ఆయన రైల్వే మనిషే అయినా మాకు నమ్మకం కుదర్లేదు.*
*– ఓ పాఠకుడు, తార్నాక*

మీ తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మార్గం 1830 సెప్టెంబరు 15న మొదలైంది. అమెరికా నుంచి ఓడల్లో దిగే పత్తిని మాంచెస్టర్ మిల్లులకి చేర్చడం దాని పెద్ద పని. ప్రయాణికుల స్టేషనేమో క్రౌన్ స్ట్రీట్‌లో, ఊరికి ఓ మూల. రైలు దిగి మళ్లీ గుర్రబ్బండి ఎక్కితే గానీ బజారుకి చేరరు. ఊరి నడిబొడ్డున స్టేషన్ కావాలని కంపెనీ సొరంగం తవ్వించింది. లైమ్ స్ట్రీట్ 1836 ఆగస్టులో తెరిచారు.

చిక్కంతా వాలుతోనే. సొరంగం అవతలి కొసనున్న ఎడ్జ్ హిల్ స్టేషన్ పైన ఉంది, ఊరు నది వైపు దిగువన ఉంది. అందుకని మాంచెస్టర్ నుంచి వచ్చే రైలుకి ఎడ్జ్ హిల్‌లో ఇంజిన్ విప్పేసేవారు. పెట్టెలు తమ బరువుకి తామే సొరంగంలో జారుకుంటూ వచ్చేవి, బ్రేక్‌మెన్ చేతి బ్రేకులతో వాటిని అదుపు చేసేవారు. వెళ్లే రైలుకి తాడు కట్టి, ఎడ్జ్ హిల్‌లో కదలకుండా బిగించిన ఆవిరి యంత్రంతో పైకి లాగేవారు. 1870 దాకా ఇదే తంతు.

నేను రైలు చివర గార్డుండే బ్రేక్ వ్యాన్‌లో బతికినవాణ్ణి. ముందు ఇంజిన్ ఉంది, అందులో లోకో పైలట్ ఉన్నాడు, బ్రేకులకి వాక్యూమ్ ఉందో ఎయిర్ ప్రెషర్ ఉందో చూసుకోవడానికి గేజి ఉంది. అంత ధీమా ఉన్నా ఘాట్ సెక్షన్‌లో దిగేటప్పుడు చెయ్యి బ్రేకు మీదికే పోయేది. ఆ బ్రేక్‌మెన్‌కి అవేవీ లేవు. చీకటి సొరంగం, వెనక జనం, ఎదురుగా డెడ్ ఎండ్. వాన పడ్డ రోజు పట్టాల మీద చక్రం జారితే? ముప్పై ఏళ్లకు పైగా రోజూ అదే డ్యూటీ చేశారు. వాళ్లలో ఒక్కడి పేరూ ఆ స్టేషన్‌లో నాకు కనపడలేదు. విగ్రహాలు మాత్రం హాస్యనటుడు కెన్ డాడ్‌వీ, ఒకప్పటి ఎంపీ బెస్సీ బ్రాడక్‌వీ ఉన్నాయి.

తర్వాత 1880లలో ఆ సొరంగం పైకప్పులో చాలా భాగం తీసేసి నాలుగు లైన్లకి లోతైన కటింగ్‌గా, అంటే పైన కప్పు లేని కందకంలా మార్చారు. ఇప్పుడు రైలు స్టేషన్‌కి దగ్గరపడగానే రెండు పక్కలా నల్లబడ్డ రాతి గోడలు లేస్తాయి, వాటికి నాచు, ఫెర్న్ మొక్కలు. చూడ్డానికి అందమే గానీ, 2017 ఫిబ్రవరిలో ఓ గోడ పైభాగం కూలి పట్టాల మీద పడింది. కొన్ని రోజులు రైళ్లు బందయ్యాయి.

*స్టేషన్‌లో చూడదగ్గది ఏమైనా ఉందా?*
*– ఓ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్*

తల పైకెత్తు బాబూ. ఇనుము, గాజుతో 1867లో కట్టిన ఆ కప్పు వెడల్పు 200 అడుగులు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. అప్పటికి ప్రపంచంలోని అతి పెద్ద కప్పుల్లో అదొకటి. మరుసటి ఏడాదే లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్ కప్పు 240 అడుగులతో దాన్ని దాటేసింది. పక్కనే అలాంటి రెండో కప్పు 1879లో వేశారు. ముందున్న కోటలాంటి భవనం ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ గీసిన హోటల్, 1871 నాటిది. 1933లో మూతపడింది, మధ్యలో విద్యార్థుల హాస్టలైంది, మళ్లీ ఇప్పుడు హోటలే. వాడకం మార్చుకుంటూ భవనాన్ని నిలబెట్టుకున్నారు. సికింద్రాబాద్ పాత స్టేషన్ ముందుభాగం కూల్చిన ఫొటోలు చూసినప్పుడు నాకు ఈ హోటలే గుర్తొచ్చింది. జనం పెరిగారు, చోటు కావాలి, కాదనను. అయినా బాధే.

*మా అబ్బాయి వాళ్లు బర్కెన్‌హెడ్‌లో ఉంటున్నారు. లైమ్ స్ట్రీట్‌లో దిగి నది దాటాలట. మెట్లెక్కలేని మనుషులం, ఎలా?*
*– ఓ దంపతులు, మల్కాజిగిరి*

పడవ అక్కర్లేదండీ. అదే స్టేషన్ కింద మెర్సీరైల్ అనే ఆ ఊరి లోకల్ రైళ్ల ప్లాట్‌ఫాం ఉంది, లిఫ్టూ ఎస్కలేటరూ ఉన్నాయి. నది కింది సొరంగం 1886 నాటిది. మొదట్లో అందులో ఆవిరి ఇంజిన్లే తిరిగేవి, పొగకి తాళలేక జనం ఎక్కడం మానేశారు. 1903లో కరెంటు రైళ్లు వచ్చాక గానీ తేరుకోలేదు. ఊరి కింద లైను గుండ్రంగా, ఒకే దిశలో తిరుగుతుంది కాబట్టి ఎటు వైపు ప్లాట్‌ఫాం అన్న అనుమానం ఉండదు. లైమ్ స్ట్రీట్ తర్వాత సెంట్రల్, జేమ్స్ స్ట్రీట్, ఆ తర్వాత నది దాటి హామిల్టన్ స్క్వేర్. అది బర్కెన్‌హెడ్‌లోనే ఉంది. వీల్‌చెయిర్ సాయం కావాలంటే 'ప్యాసింజర్ అసిస్ట్' అని ఉచితంగానే ఇస్తారు, ముందురోజే బుక్ చేయమని అబ్బాయికి చెప్పండి.