నినాదాల దగ్గర శబ్దం పగలడం గురించి

జనం మధ్య వీడియో తీస్తుంటే, కాలర్ మైకు పెట్టుకున్న మనిషి నినాదాలు అందుకోగానే శబ్దం పగులుతోంది, కెమెరాలో లెవెల్ తగ్గించినా మారలేదు అన్నారు కదా. అంటే శబ్దం కెమెరా దాకా రాకముందే, మైకు శబ్దాన్ని కెమెరాకు పంపడానికి నడుముకు తగిలించిన ట్రాన్స్‌మిటర్‌లోనే పగిలిపోతోంది. గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) అక్కడ తగ్గించాలి. పరీక్షించేటప్పుడు ఆ మనిషిని మామూలుగా మాట్లాడిస్తే లాభం లేదు. గొంతెత్తి నినాదం ఇమ్మనండి, అప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకూడదు. ఆటో గెయిన్ (గెయిన్ దానంతటదే పెరిగి తగ్గే సెట్టింగ్) ఆపేయండి, లేకపోతే నినాదానికీ నినాదానికీ మధ్య జనం హోరు ఉబ్బుకొస్తుంది. మెగాఫోన్‌కు ఎదురుగా కాకుండా పక్కకు జరిగి నిలబడండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక చోట కనీసం 3 నిమిషాలు ఆపకుండా రికార్డు చేయండి. నినాదం పిలుపుకీ జనం జవాబుకీ మధ్య లయ తెగితే ఎడిటింగ్‌లో ఎంత అతికించినా అతకదు.