చదువుకున్న పిల్లలు కూడా ఆ దారి ఎందుకు పడుతున్నారు?

ప్రశ్న: 2019 ఈస్టర్ రోజు శ్రీలంకలో చర్చిల్లో, హోటళ్ళలో బాంబులు పేల్చుకున్నవాళ్ళలో ఇద్దరు అన్నదమ్ములు బాగా డబ్బున్న మసాలా దినుసుల వ్యాపారి కొడుకులట. మరి పేదరికం వల్లే ఉగ్రవాదం పుడుతుందని అందరూ ఎందుకంటారు సార్?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అనకూడదమ్మా. పేదరికమే కారణమైతే రెక్కాడితే గాని డొక్కాడని కోట్లమంది ఎప్పుడో తుపాకీ పట్టేవాళ్ళు. నాకు అర్థమైనంతలో అసలు వేరు అవమానం. అది తనకే జరిగి ఉండొచ్చు, తనవాళ్ళకు జరిగి ఉండొచ్చు, ఎక్కడో దూరదేశంలో జరిగినదాన్ని ఫోన్లో చూసి చూసి తనదే అనుకుని ఉండొచ్చు. దానికి ఒంటరితనం తోడైన కుర్రాడి దగ్గరికి ఎవరో వచ్చి "నీలాంటోడే మాకు కావాలి" అంటారు, ఆ మాట అప్పటిదాకా వాడితో ఇంట్లో గాని కాలేజీలో గాని ఎవరూ అని ఉండరు. ముందు స్నేహం, తర్వాత వీడియోలు, తర్వాత పాత దోస్తులను ఒక్కొక్కరినీ దూరం చేయడం, ఆఖరికి అవతలివాళ్ళు మనుషులే కాదని నమ్మించడం.

దీన్ని ఒక్క మతానికి మాత్రం అంటగట్టకండి. నార్వేలో 2011 జూలై 22న 77 మందిని చంపినవాడు, 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని పొట్టనపెట్టుకున్నవాడు, ఇద్దరూ "వలస వచ్చినవాళ్ళ వల్ల మా జాతి కనుమరుగైపోతోంది" అనే భయాన్ని ఇంటర్నెట్‌లో తలకెక్కించుకున్నవాళ్ళే.

మన దగ్గరి సంగతి కూడా చెప్పాలి. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లోని గోకుల్ చాట్ దుకాణంలో, లుంబినీ పార్కులో 42 మంది ప్రాణాలు తీసిన బాంబులనూ, దొరల గడీలకు ఎదురుతిరిగిన ఉద్యమాన్నీ నేను ఒకే గాటన కట్టను. కానీ పిల్లవాడు ఇల్లు విడిచే ఘడియ మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉంటుందని నాకనిపిస్తుంది. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో రైతు కూలీలు కదిలి వెట్టి చెయ్యం, కూలి పెంచాలి అంటే, నెల తిరిగేసరికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వరంగల్ హాస్టల్లో నా పక్క మంచం వాడి తండ్రి దొర ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచేవాడట, ఆ సంగతి చెప్పినప్పుడల్లా వాడి గొంతు పూడుకుపోయేది. ఒక రోజు పొద్దున వాడు లేడు, అన్నల్లో కలిసిండన్నారు. మంచం కింద వాడి రేకుపెట్టె అట్లాగే ఉండిపోయింది. రెండేళ్ళకు వాళ్ళమ్మ వచ్చి తెరిస్తే మడత విప్పని చొక్కా, కట్టని పరీక్ష ఫీజు ఫారం ఉన్నాయి. అన్ని రాత్రులు వాడి మాట విని కూడా ఒక్క పెద్దమనిషి దగ్గరికైనా వాణ్ణి తీసుకెళ్ళలేదే అని ఇప్పటికీ బాధపడతాను.

ప్రశ్న: గట్టిగా అణిచేస్తే పోదా సార్? చర్చలంటే తలొంచడమే కదా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, అమెరికాలోని ర్యాండ్ సంస్థ 1968 నుంచి 2006 దాకా పనిచేసిన 648 ఉగ్రవాద ముఠాలను లెక్క తీసింది. వాటిలో అంతమైపోయిన ముఠాల్లో 43 శాతం రాజకీయాల్లోకి రావడం వల్ల, 40 శాతం పోలీసుల వల్ల ఆగిపోయాయి, సైన్యం దెబ్బకు పోయినవి 7 శాతమే. కాబట్టి పోలీసు అక్కర్లేదని నేను అనను, వాడకట్టు తెలిసిన కానిస్టేబుల్ విలువ చాలా పెద్దది. కానీ 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పాతబస్తీ కుర్రాళ్ళను పట్టుకెళ్ళి హింసించారని ఆరోపణలొచ్చాయి, అలా కేసుల్లో ఇరుక్కున్న చాలామందిని కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. అమాయకుణ్ణి కొట్టిన ప్రతి దెబ్బా అవతలి ముఠాకు పనికొస్తుంది.

చర్చల గురించి అడిగావు కాబట్టి ఎస్.ఆర్. శంకరన్ గారిని తలుచుకోవాలి. 1987 డిసెంబర్‌లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకెళ్ళిన ఐఏఎస్ అధికారుల్లో ఆయన ఒకరు. అదే మనిషి పదేళ్ళ తర్వాత పౌర స్పందన వేదిక పెట్టి, ఊరూరూ తిరిగి ఎన్‌కౌంటర్లో పోయినవాళ్ళ ఇళ్ళకూ, ఇన్‌ఫార్మరని దళాలు చంపినవాళ్ళ ఇళ్ళకూ వెళ్ళి, చంపడం ఆపండని అటు ప్రభుత్వానికీ, ఇటు నక్సలైట్లకూ చెప్పారు. 2004 అక్టోబర్‌లో ఆ ఇద్దరి మధ్య చర్చలు జరిగాయి, నిలబడలేదు, అది నిజం. అయినా తనను బందీ చేసినవాళ్ళతో మాట్లాడటానికి కూర్చున్న మనిషి ఎవరికి తలొంచాడో నువ్వే చెప్పు.

ప్రశ్న: మా పిల్లగానికి పందొమ్మిదేళ్ళు. రాత్రంతా తలుపేసుకుని ద్వేషం నూరిపోసే వీడియోలు చూస్తుండు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. పోలీసులకు చెప్పాల్నా?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, ముందు ఫోన్ గుంజుకోకండి, గుంజుకుంటే వాడికి అవతలివాళ్ళే దిక్కవుతారు. డెన్మార్క్‌లో ఆర్హస్ అనే ఊరి నుంచి 2013లో 30 మంది దాకా కుర్రాళ్ళు సిరియా యుద్ధానికి పోయారు. అక్కడి పోలీసులు, మున్సిపాలిటీ కలిసి ఒక్కొక్కరికీ ఒక పెద్ద దిక్కును జతచేసి, చదువు, పని చూపించారు, నేరం చేసినవాళ్ళ మీద కేసులు మామూలుగానే నడిపారు. మరుసటేడు పోయింది ఒక్కడేనట. మీవాడికీ అలాంటి మనిషి కావాలి, మేనమామో, పాత సారో, వాడు గౌరవించే ఎవరైనా సరే. ఇవాళ అన్నం గదిలోకి పంపకుండా పక్కన కూర్చోబెట్టుకుని తినండి, ఏం చూస్తున్నవని కాదు, నిన్నెవరేమన్నరు బిడ్డా అని అడగండి. కానీ తెలియనివాళ్ళ దగ్గరి నుంచి డబ్బు వస్తున్నా, ఎక్కడికో చెప్పకుండా పోయొస్తున్నా, ఫలానావాళ్ళను చంపాలని మాట జారినా ఒక్క రోజు కూడా ఆగకండి. తెలిసిన వకీలును వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళండి.