ఐదో కెమెరా జనం వైపు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. వచ్చే నెల మీ కాలేజీ గ్రౌండ్‌లో బ్యాండు ప్రోగ్రాం నువ్వే షూట్ చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నాలుగు కెమెరాలు స్టేజీకి, ఒకటి డ్రోన్‌కి అట. డ్రోన్ మానెయ్. పైనుంచి చూస్తే వేలమంది జనం చుక్కల ముగ్గులా కనిపిస్తారు. ఎవరు గొంతు కలిపారో, ఎవరికి కళ్లు తడిశాయో తెలియదు. ఆ ఐదో కెమెరాను స్టేజీ పక్కన, జనం వైపు తిప్పి పెట్టు.

1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీలో రవిశంకర్ కచేరీని డాక్యుమెంటరీ దర్శకుడు పెన్నెబేకర్ ఎలా తీశాడో చూడు. సితార్ వినిపిస్తూనే ఉంటుంది, కెమెరా మాత్రం చాలాసేపు జనంలోనే తిరుగుతుంది. రవిశంకర్ ఆ తర్వాతే కనిపిస్తాడు. చివర్లో జనం లేచి చప్పట్లు కొడుతుంటే మనకీ లేవాలనిపిస్తుంది, అంతసేపూ వాళ్ల మధ్యే కూర్చుని విన్నాం కదా.

జనాన్ని తీసేటప్పుడు వాళ్ల మీదికి ఫ్లడ్‌లైటు తిప్పకు. మొహాన వెలుగు పడగానే బిగుసుకుపోతారు, లేదా కెమెరాకి చేతులూపుతారు. స్టేజీ నుంచి పడే వెలుగే చాలు. వెలుగును ఎక్కువగా లోపలికి రానిచ్చే ఎఫ్/1.8 లెన్సు పెట్టి, ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 3200 దాకా వెళ్లు. బొమ్మలో కాస్త గ్రెయిన్, అంటే సన్నటి చుక్కలు, వచ్చినా ఫరవాలేదు.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఒక పాటకి తీసిన మొహాన్ని ఎడిటింగ్‌లో ఇంకో పాటకి అతికించకు. స్టేజీ మీద ఎర్ర లైటుంటే మొహం మీద నీలం కనిపిస్తుంది, చప్పట్ల తాళం తప్పుతుంది. ఎక్కడ తేడా కొట్టిందో ప్రేక్షకుడు చెప్పలేడు గానీ, నమ్మడం మానేస్తాడు. సింగర్ అందుకోకముందే ఒకమ్మాయి పెదవులు రెండో చరణంలోకి వెళ్లిపోతాయి చూడు, ఆ షాటును రెండు సెకన్లకే కోసేయకు. లైను పూర్తయ్యేదాకా, ఎనిమిది పది సెకన్లైనా సరే, ఉంచు.

ఇక సౌండు. మైకులన్నిటి శబ్దాన్నీ కలిపే మిక్సర్ నుంచి, అన్నీ కలిసిపోయిన ఒక్క స్టీరియో ఫీడ్ తీసుకుంటే మూసిన గదిలో పాడినట్టుంటుంది. ప్రతి ఛానెలూ విడిగా రికార్డు చేయించు. స్టేజీ ముందు రెండు మూలల్లో జనం వైపు తిప్పిన మైకులు, మిక్సర్ దగ్గర ఇంకో జత పెట్టు. మిక్సర్ స్టేజీకి 50 మీటర్ల దూరంలో ఉంటే అక్కడికి శబ్దం చేరడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. అలాగే కలిపేస్తే ప్రతి డ్రమ్ము దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. మిక్సర్ దగ్గరి మైకుల ట్రాకును అంతమేర ముందుగా వినిపించేలా జరుపు.

కెమెరాలన్నీ సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు మినుకుమనవు. ఎల్‌ఈడీ గోడ మీద చారలొస్తే సౌండ్ చెక్‌లోనే షట్టర్ సరిచేసుకో. వైట్ బ్యాలెన్స్ (లైటును బట్టి రంగుల సర్దుబాటు) ఆటోలో వదలొద్దు. మొదలయ్యే ముందు అన్ని కెమెరాలకూ కనిపించేలా క్లాప్ కొట్టు, ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడల్లా కొట్టు. 1972లో లాస్ ఏంజెలెస్ చర్చిలో అమెరికన్ గాయని అరెతా ఫ్రాంక్లిన్ పాడుతుంటే సినిమా తీసినప్పుడు క్లాప్‌బోర్డు వాడలేదు. బొమ్మకీ శబ్దానికీ జత కుదరక ఫుటేజీ ఏళ్లతరబడి మూలపడింది. ఆ సినిమా జనానికి చేరేసరికి 2018 అయింది, మధ్యలో కోర్టు తగాదాలు కూడా నడిచాయి.

కెమెరాల మెమరీ కార్డులు అన్నీ ఒకేసారి మార్చకండి. ‘ది లాస్ట్ వాల్ట్జ్’ అనే కచేరీ సినిమాలో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాడుతున్నప్పుడు మిగతా కెమెరాలు రీళ్లు మార్చుకుంటుంటే ఒక్క కెమెరాయే తిరిగింది. వంతులు ముందే రాసి ఇవ్వు.

పాట అయిపోగానే రికార్డింగ్ ఆపొద్దు. పద్యనాటకాల నాటి నుంచీ ‘వన్స్ మోర్’ అని అరవడం మనవాళ్ల అలవాటు. ఆ అరుపు, ఈల, వెనక వరుసకి చేతులు మారుతూ వెళ్లే నీళ్ల బాటిల్, ఇవన్నీ పాటకీ పాటకీ మధ్యే దొరుకుతాయి.

షూటింగ్ జరుగుతోందని గేటు దగ్గర బోర్డు పెట్టించు. పిల్లల క్లోజప్‌లకి తల్లిదండ్రులను అడుగు. సినిమా పాటలు పాడితే, ప్రోగ్రాంకి తీసుకున్న లైసెన్సు వీడియోకి చెల్లదు, హక్కుదారుల అనుమతి వేరే తీసుకోవాలి.

ఐదో కెమెరా ఎవరికిస్తున్నావో రాయి. ఫోకస్ లాగడంలో ఘనుడికంటే, ఆ బ్యాండు పాటలన్నీ నోటికొచ్చినవాడికి ఇవ్వు. జనం ఏ లైను దగ్గర గొంతు కలుపుతారో వాడికి ముందే తెలుస్తుంది.

మీ మామయ్య