నల్గొండలోనే ఉండి సర్వర్ల నిర్వహణ, ఓపెన్ సోర్స్ పని లోతుగా నేర్చుకోవడం ఎలా?

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాథమిక ఆదేశాలు తెలిసి, నల్గొండలో డిగ్రీ చదువుతున్న మీరు ఇందుకోసం కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అమీర్‌పేటలో గది తీసుకోనక్కరలేదని నా అభిప్రాయం. పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) వేసుకుని, రెండు మూడు వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేరు వేరు కంప్యూటర్లు) నడిపి, ఒకదానిలో డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చేది), మరొకదానిలో వెబ్ సర్వర్ ఏర్పాటు చేసి, వాటిని కావాలనే చెడగొట్టి, జర్నల్‌సీటీఎల్ అనే ఆదేశం చూపే లాగ్‌లను (సిస్టమ్‌లో జరిగినవాటి నమోదులను) బట్టి కారణం కనిపెట్టి బాగుచేయడమే అసలు చదువు. బ్యాకప్ తీస్తే సరిపోదు, దాని నుంచి సర్వరును తిరిగి నిలబెట్టి చూడాలి (చాలామంది వదిలేసేది ఇదే).

ఇక ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే ప్రాజెక్టుల్లో, ఇతరులతో కలిసి పనిచేయడానికి, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ (కోడ్‌లో మార్పులను నమోదు చేసే సాధనం) తప్పనిసరిగా రావాలి. మొదటే కోడ్ రాయనక్కరలేదు. మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లో లోపం కనబడితే, అది ఏ వెర్షన్‌లో, ఏ క్రమంలో చేస్తే మళ్లీ వస్తుందో వివరంగా రాసి దాన్ని తయారుచేసేవారికి పంపండి. తర్వాత మీరే కోడ్‌లో మార్పు చేసి పంపినప్పుడు, దాన్ని సమీక్షకులు తిప్పిపంపితే, అడిగిన సవరణ చేసి మళ్లీ పంపడం అక్కడి ఆనవాయితీ.