ఆటగది: పజిల్, సర్వైవల్ గేముల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండు రకాల గేముల గురించే. ఒకటి బుర్రకు పదును పెట్టే పజిల్స్, రెండోది ప్రాణం నిలబెట్టుకోవడమే పనిగా సాగే సర్వైవల్ గేములు. రెండూ నాకు ప్రాణమే. పగలంతా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను, రాత్రి ఇంటి పనులయ్యాక లాప్‌టాప్ తెరుస్తాను. లెక్కని ఎలా తూకం వేస్తానో గేమునీ అలాగే వేస్తాను కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, పజిల్ గేములో ఇరుక్కుపోతే వెంటనే యూట్యూబ్‌లో వాక్‌త్రూ (గేము మొత్తం ఎలా ఆడాలో చూపించే వీడియో) చూసేస్తాను. మా రూమ్మేట్ అది చీటింగ్ అంటాడు. మీరేమంటారు? – ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

చీటింగ్ అని నేను అనను. డబ్బు పెట్టి కొన్నది మీరు, ఆడేదీ మీరే. కానీ నష్టపోయేదీ మీరే. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని అమ్మమ్మ పొడుపుకథ వేసిందనుకోండి. మనం ఆలోచిస్తుండగానే పక్కనున్నవాడు "కనురెప్పలు" అనేస్తే ఎంత ఉక్రోషం వస్తుంది! జవాబు తెలిసింది కదా అని సంతోషపడం. అది మనకి తట్టాల్సిన క్షణాన్ని వాడు లాగేసుకున్నాడు. వాక్‌త్రూ చేసేదీ అదే.

దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్'. లూకాస్ పోప్ దాదాపు ఒంటిచేత్తో తయారుచేసి 2018లో విడుదల చేశాడు. 1802లో లండన్ నుంచి బయలుదేరి మాయమైపోయిన ఓడ 1807లో ఫాల్మత్ రేవుకి దానంతటదే కొట్టుకొస్తుంది. ఈస్టిండియా కంపెనీ తరఫున బీమా లెక్క తేల్చే ఇన్‌స్పెక్టర్ మీరు. ఓడలో ఉండాల్సినవాళ్లు 60 మంది. ఒక్కొక్కరి పేరేమిటి, ఏమయ్యారు, చనిపోతే ఎలా చనిపోయారు, ఎవరు చంపారు అన్నది మీరే పుస్తకంలో నింపాలి. బొమ్మలన్నీ నలుపు తెలుపుల్లోనే ఉంటాయి. శవం దగ్గర జేబు గడియారం తెరిస్తే ఆ మనిషి చనిపోయిన క్షణం కదలకుండా కళ్ల ముందు నిలబడుతుంది, అందులో తిరుగుతూ వెతుక్కోవాలి.

(ఈ గేము ఆడబోయేవాళ్లు ఈ ఒక్క పేరా వదిలేయండి.) ఒక దృశ్యంలో నావికులు తాళ్లకు కట్టిన ఊయల పడకల్లో పడుకుని ఉంటారు. ముఖాలు సరిగ్గా కనపడవు, ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. నేను ఆ గదిలో ముఖాల కోసమే తిరిగాను. తర్వాత ఒక పడకకు వేలాడుతున్న చిన్న బిళ్ల మీద చూపు పడింది. దాని మీద ఒక నంబరు. సిబ్బంది జాబితాలో ప్రతి పేరు పక్కనా ఒక నంబరు ఉంటుంది! జాబితా మొదట్నుంచీ నా చేతిలోనే ఉంది, నంబర్లు మొదట్నుంచీ కళ్లెదుటే ఉన్నాయి. ఆ రాత్రి ఇక నిద్ర పట్టలేదు, కుర్చీలోంచి లేచి హాల్లో అటూ ఇటూ తిరిగాను. వాక్‌త్రూ చూసి ఉంటే ఇదంతా ఒక్క వాక్యంలో అయిపోయేది.

పోప్ చేసిన ఇంకో మంచి పని ఉంది. ముగ్గురి వివరాలు సరిగ్గా నింపితే తప్ప 'ఒప్పు' అని గేము ఖరారు చేయదు. గుడ్డిగా పేర్లు మార్చి మార్చి పెట్టేవాడికి అక్కడ పని జరగదు, అలాగని నిజంగా ఆలోచించేవాడిని చీకట్లోనూ వదిలేయదు. పరీక్ష పేపరు తయారుచేసే ప్రతివాళ్లూ చూడాల్సిన పద్ధతి ఇది.

ఇరుక్కుపోయినప్పుడు ఏం చేయాలంటారా? ఒక రఫ్ నోట్‌బుక్ పెట్టుకోండి. తెలిసింది ఒక పక్కన, ఊహించింది ఇంకో పక్కన రాయండి. ఊహని తెలిసినదాంతో కలిపేసుకోవడం వల్లే ఎక్కువమంది ఆగిపోతారు, మా క్లాసులో పిల్లలూ అంతే. అప్పటికీ రాకపోతే మూసేసి పడుకోండి. మర్నాడూ రాకపోతే, ఎక్కడ చూడాలో మాత్రమే చెప్పే చిన్న సూచన వెతకండి. పూర్తి వీడియో మాత్రం వద్దు.

ప్రశ్న: రోజూ వంటయ్యాక ఫోన్లో క్యాండీ క్రష్ ఆడతానండీ. అది పజిల్ గేమే కాదని మావారు వాదిస్తారు. తీర్పు చెప్పండి. – ఒక గృహిణి, తెనాలి

పజిల్ గేమేనండీ, ఆ మాటలో మీదే గెలుపు. కాకపోతే అది మీ తెలివిని పరీక్షించే దానికన్నా మీ ఓపికను పరీక్షించేదే ఎక్కువ. 5 ప్రాణాలిస్తారు, అయిపోతే ఒక్కో ప్రాణానికి అరగంట ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. మంచి పజిల్ ఓడిపోయినవాడిని మళ్లీ ఆలోచించమంటుంది, 'కాసేపు ఆగు' అనదు. పైగా ఏ రంగు బిళ్ల పైనుంచి పడుతుందో మీ చేతిలో లేదు కాబట్టి, గెలిచినప్పుడు అది మీ ఎత్తుగడ వల్లో అదృష్టం వల్లో తెలుసుకోవడం కష్టం.

ఫోన్లోనే 'మాన్యుమెంట్ వ్యాలీ' ఆడి చూడండి. 2014లో వచ్చింది. కోటలు, మెట్లు తిప్పుతుంటే విడివిడిగా ఉన్న దారులు చూపు కోణం మారగానే కలిసిపోతాయి. కాలయాపన లేదు, టైమర్ లేదు. అది పూర్తయ్యాక మీవారితో కలిసి 'బాబా ఈజ్ యు' మొదలుపెట్టండి. ఫిన్లాండ్ కుర్రాడు ఆర్వి టేకారి చేసింది, 2019లో వచ్చింది, ఫోన్లోనూ దొరుకుతుంది. గోడ అడ్డు అన్న నియమం కూడా అందులో మూడు పలకలుగా తెర మీదే ఉంటుంది. ఒక పలకను పక్కకి నెట్టేస్తే చాలు, ఇక గోడ అడ్డు కాదు, అందులోంచి నడిచి వెళ్లిపోవచ్చు. ఎన్నిసార్లయినా వెనక్కి తీసుకోవచ్చు, దానికి శిక్ష లేదు. అయితే సగం దాటాక చాలా కష్టం, ముందే చెబుతున్నాను.

ప్రశ్న: సర్వైవల్ గేములంటే చెట్టు కొట్టు, రాయి కొట్టు, తిను, మళ్లీ చెట్టు కొట్టు... ఆఫీసు పని తర్వాత ఇంకో కూలి పని ఎందుకండీ? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

మీ కోపం న్యాయమే. ఈ రకంలో సగానికి సగం గేములు ఆటగాడి సమయానికి విలువ ఇవ్వవు. 'ఆర్క్'లో సర్వర్ మామూలు సెట్టింగులతో పెద్ద డైనోసార్‌ని మచ్చిక చేసుకోవాలంటే గంటల తరబడి దాని పక్కనే కాపలా కాయాలి. అక్కడ మీరు తీసుకునే నిర్ణయం ఏమీ లేదు, కూర్చోవడమే. చాలా గేముల్లో తెర మీద ఆకలిని చూపే గీత ఎంత వేగంగా పడిపోతుందంటే, బండెడు మాంసం తిన్న మనిషి కాసేపటికే కళ్లు తిరిగి పడిపోతాడు. అది ఆకలి కాదు, అలారం.

కొరతకి అర్థం ఉన్న గేములు కూడా ఉన్నాయి. 'సబ్నాటికా' తీసుకోండి. మీ నౌక కూలిపోయి, నీళ్లు తప్ప నేల కనపడని గ్రహం మీద పడతారు. ట్యాంకు లేకుండా మునిగితే మీ ఊపిరి 45 సెకన్లు. ఆ 45 సెకన్లలో మీరు చేసేది పూర్తిగా లెక్కే: కిందికి వెళ్లడానికి ఎంత, వెతకడానికి ఎంత, పైకి రావడానికి ఎంత. మొదటి ట్యాంకు తయారుచేసుకున్నాక అది 75 సెకన్లవుతుంది. కాగితం మీద ముప్పై సెకన్లే పెరిగాయి, కానీ అంతవరకూ పైనుంచి చూసి వదిలేసిన గుహలోకి ఇప్పుడు వెళ్లి రావచ్చు. గుహలో రెండో మలుపు తిరిగాక, వచ్చిన దారి ఏదో గుర్తు రాక, ఊపిరిని చూపే గీత సగానికి పడిపోతే వచ్చే టెన్షన్ ఏ దెయ్యం గేములోనూ నాకు రాలేదు. ఎదురుగా శత్రువెవరూ లేరు, మన లెక్క మాత్రమే ఉంది.

ఇంకో విషయం, ఇందులో ప్రాణం తీసే తుపాకులు లేవు. 2012లో అమెరికాలోని శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల తర్వాత, ప్రపంచంలోకి ఇంకో తుపాకీని చేర్చడం ఇష్టం లేక వద్దనుకున్నానని దర్శకుడు చార్లీ క్లీవ్‌లాండ్ చెప్పాడు. ఆ నిర్ణయం గేముని మెరుగుపరిచింది కూడా. దూరంగా రీపర్ అనే భారీ సముద్ర జంతువు అరుపు వినిపిస్తే కాల్చడానికి తుపాకీ లేదు, తప్పుకునే దారే వెతుక్కోవాలి. అలా ప్రతి ప్రయాణమూ ఒక పజిల్ అవుతుంది. నా దృష్టిలో మంచి సర్వైవల్ గేము అంటే కాలంతో, ఊపిరితో, ఆకలితో వేసిన పజిలే.

ఆ దారిలో ఇంకా కఠినమైనది 'ది లాంగ్ డార్క్'. కెనడా ఉత్తరాన మంచులో ఒంటరి మనిషి. జాంబీలు లేరు, రాక్షసులు లేరు. చలి, అలసట, దాహం, ఆకలి, అప్పుడప్పుడూ తోడేళ్లు. అగ్గిపుల్లలు కొన్నే ఉంటాయి, నిప్పు అంటుకునే అవకాశం ఎంత శాతమో చూపిస్తుంది. ఆఖరి పుల్ల ఇప్పుడు గీయాలా, గాలి తగ్గేదాకా వణుకుతూ ఆగాలా? సర్వైవల్ మోడ్‌లో చనిపోతే మామూలుగా ఆ ఆట చెరిగిపోతుంది. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన రోజు మాత్రం దీని జోలికి వెళ్లకండి, సెలవు రోజున ఆడండి.

ప్రశ్న: అక్కా, బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) సర్వైవల్ గేమే కదా? చివరిదాకా బతికినవాడే విన్నర్! – ఇంటర్ విద్యార్థి, కర్నూలు

నా లెక్కలో కాదు తమ్ముడూ. 2020లో పబ్‌జీ నిషేధం తర్వాత మన దేశానికంటూ వచ్చిన ఈ గేములో గురి, వేగం, జట్టు సమన్వయం గొప్పగా ఉంటాయి, నేను తక్కువ చేయను. కానీ నీ ప్రాణానికి ముప్పు అవతలి ఆటగాళ్లే. ఆకలి లేదు, చలి లేదు, రేపటికి దాచుకోవాల్సిన అవసరం లేదు. అది షూటింగ్ గేము.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. ఎప్పుడు చూసినా మైన్‌క్రాఫ్ట్. చదువు పాడవుతుందని భయంగా ఉందమ్మా. – ఒక తండ్రి, గుంటూరు

సమయానికి హద్దు పెట్టండి, అందులో అనుమానం లేదు. కానీ ఆ హద్దులోపల బాబు ఏం చేస్తున్నాడో పక్కన కూర్చుని ఒకసారి చూడండి. మైన్‌క్రాఫ్ట్‌లో రోజంటే 20 నిమిషాలు. మొదటి రోజు పొద్దు వాలేలోగా నాలుగు గోడలు, ఒక దివిటీ సిద్ధం చేసుకోకపోతే చీకట్లో రాక్షసులు వస్తాయి. ఇల్లు కట్టాక పిల్లలు 'రెడ్‌స్టోన్' అనే ఎర్రపొడి మీదికి వెళ్తారు. దానితో తీగలు వేసి తలుపులు, లిఫ్టులు నడపొచ్చు. రెడ్‌స్టోన్ దివిటీకి కింది నుంచి కరెంటు వస్తే అది ఆరిపోతుంది, రాకపోతే వెలుగుతుంది. అంటే ఎలక్ట్రానిక్స్‌లో చెప్పే నాట్ గేట్. అలాంటివి పేర్చుకుంటూ పోతే యాండ్, ఆర్ గేట్లన్నీ వస్తాయి. తలుపు దానంతటదే తెరుచుకునేలా ఒకటి కట్టి చూపించమని అడగండి. ఎలా పనిచేస్తోందో మీకు అర్థమయ్యేలా వివరించగలిగితే వాడు చదువుకుంటున్నట్టే. ముక్కూ మొహం తెలియనివాళ్ల సర్వర్లలోకి మాత్రం ఒంటరిగా వదలకండి.

ప్రశ్న: పజిల్ ఆడి డబ్బు గెలుచుకోండి అని యాప్ ప్రకటన వచ్చింది. ఆడొచ్చా? – చిరువ్యాపారి, ఖమ్మం

వద్దు. డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది. పజిల్ అని పేరు పెట్టినంత మాత్రాన పందెం పందెం కాకుండా పోదు.

ప్రశ్న: 'ది విట్‌నెస్' గొప్ప గేమని అందరూ అంటున్నారు. నాకు ఒక చెవి సరిగ్గా వినపడదు. కొనమంటారా? – విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

ఒక దీవిలో తిరుగుతూ పలకల మీద గీతలు గీసి పజిల్స్ విప్పాలి, ఒక్క మాట కూడా చెప్పకుండా నియమాలన్నీ నేర్పే గేము అది. తేలికైన గీత గీయిస్తుంది, తర్వాత కొంచెం మెలిక, ఇంకొంచెం మెలిక. టీచరుగా నేను ఆ దీవికి నమస్కారం పెడతాను. కానీ అందులో కొన్ని పజిల్స్ శబ్దాన్ని వినే విప్పాలి, కొన్ని రంగుల తేడా మీద నడుస్తాయి. వినికిడి, రంగుల చూపు ఇబ్బంది ఉన్నవాళ్లకు అక్కడ తెలివితో పని లేకుండా తలుపు మూసేసినట్టే, ఇది నాకు నచ్చలేదు. దీవిలో మిగిలినవే కొన్ని వందలున్నాయి కాబట్టి డిస్కౌంటులో వస్తే తీసుకోండి.

ప్రశ్న: మా పాపతో 'వెన్బా' ఆడాను, కళ్లలో నీళ్లొచ్చాయి. ఇలాంటిది మన తెలుగులో ఎందుకు లేదు? – ఒక అమ్మ, డాలస్

తెలియనివాళ్ల కోసం: కెనడా వెళ్లిన ఒక తమిళ కుటుంబం కథ ఇది, టొరంటోలోని విసై గేమ్స్ 2023లో విడుదల చేసింది, మరుసటి ఏడాదే బ్రిటన్‌వాళ్లిచ్చే బాఫ్టా తొలి గేము అవార్డు గెలిచింది. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో కొన్ని చోట్ల అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. మిగిలిన ముక్కల్ని బట్టి ఇడ్లీ దగ్గర్నుంచీ ఒక్కో వంట వరుస మనమే కనిపెట్టాలి. పజిల్‌గా చూస్తే చాలా తేలిక, గేము కూడా చిన్నది. అయినా నాకు నచ్చింది, ఎందుకంటే అక్కడ పజిల్ విప్పడమంటే అమ్మని గుర్తు తెచ్చుకోవడం.

తెలుగులో ఎవరైనా చేస్తే నేను మొదటి రోజే కొంటాను. ఆవకాయనే తీసుకోండి: ముక్కకి టెంక ఉండేలా కొట్టించడం, తుడిచి ఆరబెట్టడం, కారం, ఆవపిండి, ఉప్పు పాళ్లు, మూడో రోజు తిరగకలపడం, తడి గరిటె తగిలితే జాడీ మొత్తం బూజు. ఇందులో పజిలూ ఉంది, సర్వైవలూ ఉంది. గేములు తయారుచేసే తెలుగు పిల్లలెవరైనా ఇది చదువుతుంటే నాకు ఉత్తరం రాయండి, పాళ్లు నేను చెబుతాను.

ప్రశ్న: 'దిస్ వార్ ఆఫ్ మైన్' మధ్యలో ఆపేశాను. ముసలివాళ్ల ఇంట్లో దొంగతనం చేయాల్సి వచ్చింది, చేతులాడలేదు. ఇది వినోదమా? – డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్

వినోదం కాదమ్మా, ఆ గేము తనని తాను అలా చెప్పుకోదు కూడా. బోస్నియా యుద్ధంలో జరిగిన సరయేవో నగర ముట్టడి ప్రేరణతో పోలండ్‌వాళ్లు 2014లో చేశారు. యుద్ధంలో సైనికుడివి కావు, ఊళ్లో ఇరుక్కున్న మామూలు మనిషివి. ఆ వృద్ధ దంపతుల మందులు, తిండి ఎత్తుకొస్తే నీ ఇంట్లోవాళ్లు బతుకుతారు, కానీ తెచ్చినవాళ్లు కుంగిపోతారు, మంచం దిగరు. పోలండ్ ప్రభుత్వం 2020లో దీన్ని బడి పఠన జాబితాలో చేరుస్తామని ప్రకటించింది. నువ్వు ఆపేయడం కూడా ఆ గేముకి సరైన జవాబే. మనసు కుదిరినప్పుడు మళ్లీ మొదలుపెట్టి, ఆ ఇంటికి వెళ్లకుండా బతకడానికి ప్రయత్నించు. చాలా కష్టం, కానీ సాధ్యమే.

ప్రశ్న: నాది పాత లాప్‌టాప్, గ్రాఫిక్ కార్డు లేదు. పైన చెప్పినవాటిలో ఏవి నడుస్తాయి? – టీచర్ ట్రైనీ, శ్రీకాకుళం

'బాబా ఈజ్ యు' నిక్షేపంగా నడుస్తుంది. సర్వైవల్ కావాలంటే 2013 నాటి 'డోంట్ స్టార్వ్' ప్రయత్నించండి, అది కూడా తేలికైనదే. ఏమీ నేర్పదు, చీకటి పడేలోగా మంట వేసుకోవాలని మాత్రం ముందే గుర్తుంచుకోండి. 'సబ్నాటికా' వద్దు, ఫ్యాను మోతే మిగులుతుంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో కొంటే, కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. అందుకే డౌన్‌లోడ్ అవగానే ఆడి చూసుకోండి, వచ్చే నెలకి వాయిదా వేయకండి.